కళింగానుశోచనము: చారిత్రక చలనచిత్రములలో పశ్చాత్తాప చిత్రణము

చేసిన తప్పునకు వగచుటను తెలుపు మాటలు మన భాషలో పెక్కు గలవు. పశ్చాత్తాపము, అనుతాపము, అనుశోచనము, ప్రాయశ్చిత్తము, నిష్కృతి, మారుమనస్సు అనునవి వానిలో ముఖ్యములు. వ్యవహారమున ఇవి పర్యాయపదములవలె చెల్లుచున్నను ఒక్కొక్కదాని నడక వేరు. పశ్చాత్తాపమనగా పనియైన పిదప పుట్టు తాపము. అది మనస్సున జరుగును. ప్రాయశ్చిత్తమున 'ప్రాయ' శబ్దమునకు తపస్సనియు, 'చిత్త' శబ్దమునకు నిశ్చయమనియు పెద్దలు అర్థము చెప్పిరి. అది చేతలలో జరుగును. నిష్కృతి ఋణము తీర్చుటవంటిది. తీర్చువాడు ఒక్కడున్న చాలదు, పుచ్చుకొనువాడును ఎదుట నుండవలెను. మారుమనస్సు క్రైస్తవ గ్రంథముల తెలుగు అనువాదములద్వారా మనకు పరిచితమైన మాట. గ్రీకు మూలపదమునకును మనస్సు మారుటయే యర్థము. ఈ భేదములను మనస్సున నుంచుకొని, చారిత్రక చలనచిత్రములలో పశ్చాత్తాపము చిత్రింపబడిన తీరును పరిశీలించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఈ పరిశీలనకు ప్రేరణమైన సంగతిని మొదట మనవిచేసెదము. పలాస, టెక్కలి ప్రాంతములనుండియు, ఉద్దానపు తీరగ్రామములనుండియు వచ్చిన విద్యార్థులు మాకు ప్రతి సంవత్సరమును కొందరుందురు. వారిలో నొకని యింట ఒకనాటి రాత్రి బసచేసితిమి. కొబ్బరితోటల నడుమ ఇల్లు. దూరదర్శన యంత్రమున అశోకచక్రవర్తి కథగల చిత్రమొకటి వచ్చుచుండెను. యుద్ధము ముగిసెను; చక్రవర్తి పీనుగుల నడుమ నిలిచి కన్నీరు కార్చెను; ఖడ్గము నేలబడెను. చుట్టుపట్ల వారందరును మెచ్చుకొనిరి. మా విద్యార్థి తాతగారు మాత్రము కొంతసేపు ఊరకుండి, "రాజు ఏడ్సినాడు, బాగానే వుంది మేస్టారూ. ఆయన ఏడ్సినట్టు మనోలకి ఎవులు సెప్పినారు?" అని యడిగిరి. మేము చరిత్ర చదివినవారమే గాని ఆ ప్రశ్నను అంతకుముందెన్నడును వేసికొని యుండలేదు. ఆ రాత్రి సమాధానము చెప్పలేకపోతిమి.

ఆ ప్రశ్న పుట్టిన చోటు కూడ గమనింపదగినదే. మందస వైపునుండి వాయవ్యముగ చూచిన మహేంద్రగిరి కానవచ్చును. నేడది ఒడిశా రాష్ట్రములోని గజపతి జిల్లాకు చెందినను, ఉద్దానపు జనులకు అది తమ కొండయే. ఇరువదియొక్క మారులు క్షత్రియులను చంపిన పరశురాముడు గెలిచిన భూమినంతయు కశ్యపునకు ధారపోసి, తపస్సునకు చేరిన కొండ ఇదియే యని రామాయణ భారతములు చెప్పుచున్నవి. చంపినవాడు గెలిచినదానిని తన యొద్ద నుంచుకొనరాదు అను నియమము ఆ కథలో నున్నది. ఆ కొండకును సముద్రమునకును నడుమ నున్న యీ నేల ప్రాచీన కళింగములోనిది. ఇట్లు ఆయుధమును విడిచిన ఇద్దరు యోధుల స్మృతి, ఒకటి పురాణమున, ఒకటి చరిత్రమున, ఈ ప్రాంతమునకు సంక్రమించినది. భేదమేమనగా, పరశురాముడు తన విజయమును వదలుకొనెను. అశోకుడు వగచెను గాని కళింగమును వదలలేదు.

ఇక శాసనముల సాక్ష్యమును చూతము. అశోకుని పశ్చాత్తాపమునకు మనకుగల ప్రధానమైన ఆధారము ఆయన పదమూడవ శిలాశాసనము. పట్టాభిషేకమైన ఎనిమిది సంవత్సరములకు, అనగా సుమారు క్రీ. పూ. 261 ప్రాంతమున, కళింగము జయింపబడెననియు, 1,50,000 మంది చెరగొనిపోబడిరనియు, 1,00,000 మంది చంపబడిరనియు, అంతకు ఎన్నోరెట్లు మరణించిరనియు అందు కలదు. రాజులు తమ విజయములను లిఖించుకొనుట లోకమున సర్వసాధారణము. గెలిచినవాడు తాను చంపించిన వారి లెక్కను విజయగర్వముతో గాక దుఃఖముతో రాతిమీద చెక్కించుట అపూర్వము. అక్కడ వాడబడిన ప్రాకృత పదము 'అనుశోచన' శబ్దమునకు సరియైనది. యుద్ధమున చచ్చినవారిని గూర్చియే గాక, తాము బ్రదికియు మిత్రులను, బంధువులను పోగొట్టుకొన్నవారి వ్యథను గూర్చియు ఆ శాసనము చెప్పుచున్నది. అప్పటి నష్టములో నూరవవంతు గాని వేయవవంతు గాని ఇప్పుడు జరిగినను తనకు అది భారమగునని చక్రవర్తి చెప్పికొనెను.

ఈ శాసనము షాబాజ్‌గఢీ, మాన్సేహ్రా, కాల్సీ, గిర్నార్ మున్నగు చోట్ల కలదు. తెలుగుదేశమున కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి బండలమీదను కలదు. అయితే కళింగమున అశోకుని శిలాశాసనములు గల స్థలములు రెండు: భువనేశ్వరమునకు సమీపముననున్న ధౌళి, గంజాం జిల్లాలో ఋషికుల్యానదీ తీరముననున్న జౌగఢ. ఈ రెండు చోట్లను పదునొకండవ, పండ్రెండవ, పదమూడవ శాసనములు లేవు. అవి శిథిలమై పోయినవి కావు, చెక్కబడనే లేదు. వాని స్థానమున ఆ మండలములలోని అధికారుల నుద్దేశించిన రెండు ప్రత్యేక శాసనములు చెక్కబడినవి. ధౌళిలోనివి తోసలిలోని మహామాత్రులకు, జౌగఢలోనివి సమాపలోని మహామాత్రులకు ఉద్దేశింపబడినవి.

కావున ఆ వృద్ధుని ప్రశ్నకు శాసనములు చెప్పు సమాధానమిది: ఆ దుఃఖమును గాంధారపు సరిహద్దులలో చెప్పిరి, సౌరాష్ట్రమున చెప్పిరి, రాయలసీమలోని బండమీదను చెప్పిరి, కళింగమున చెప్పలేదు. కర్నూలు జిల్లావాడు తన పొలిమేరలోనే చదువుకొనగల మాటను శ్రీకాకుళము జిల్లావాడు, దెబ్బతిన్న నేలకు వారసుడైన వాడు, దూరదేశమునకు పోయి చదువుకొనవలసి వచ్చినది.

ఇట్లేల జరిగెనో పండితులు ఊహించిరి. ఓడిన ప్రజల ఎదుట వారి ఓటమిని, చావుల లెక్కను నిత్యము నిలుపుట పుండుమీద కారము చల్లుటయగునని తలచి యుండవచ్చునని కొందరందురు. క్రొత్తగా గెలిచిన దేశమున రాజు తన చర్యను తప్పని యొప్పుకొనుట రాజ్యనీతికి విరుద్ధమని తలచి యుండవచ్చునని మఱికొందరందురు. ఈ రెండూహలును పరస్పరము విరుద్ధములు కావు. దయయు, భయమును ఒకే నిర్ణయమున కలిసి యుండవచ్చును.

ప్రత్యేక శాసనములను తక్కువచేయుటయు న్యాయము కాదు. మనుష్యులందరు నా బిడ్డలు అను ప్రసిద్ధమైన భావము వానిలోనిదే. కారణము లేక ఎవరును చెరబెట్టబడరాదు, హింసింపబడరాదు అనియు, అధికారులు అసూయ, కోపము, తొందరపాటు, సోమరితనము విడువవలెననియు, దీనిని పరీక్షించుటకు ఐదేండ్ల కొకమారు దయగల అధికారులను పంపెదననియు చక్రవర్తి యాజ్ఞ. ఆ యాజ్ఞను తిష్యనక్షత్రము గల దినములయందు చదివి వినిపింపవలెననియు, ఒక్కడే యున్నను వానికి వినిపింపవలెననియు కలదు. కర్ణాటకములోని సన్నతియందును ఈ ప్రత్యేక శాసనములు 1980ల చివర బయటపడుటచే, అవి కళింగమునకు మాత్రమే ఉద్దేశింపబడినవను పూర్వాభిప్రాయము కొంత సడలినది. కాని ధౌళి, జౌగఢలలో పదమూడవ శాసనము లేకుండుట మాత్రము మారలేదు. మాటలలో చెప్పవలసినచో, కళింగులకు ప్రాయశ్చిత్తము కొంత అందినది, పశ్చాత్తాపము అందలేదు. చేత వచ్చినది గాని మాట రాలేదు.

పదమూడవ శాసనముననే మఱియొక చోటు కలదు. రాజ్యములోని ఆటవికులనుగూర్చి చెప్పుచు, చక్రవర్తి అనుతాపమున నున్నను ఆయనకు శిక్షించు శక్తి కలదనియు, వారు తమ చర్యలకు సిగ్గుపడి చావు తప్పించుకొనవలెననియు హెచ్చరించెను. అనుతాపమును, ప్రభావమును ఒకే ఊపిరిలో పలుకబడినవి. పశ్చాత్తాపము చెందినవాడు ఇంకను సింహాసనముననే యున్నాడని ఈ వాక్యము మనకు జ్ఞప్తిచేయుచున్నది. అందు బుద్ధుని పేరు లేదు. ధర్మమును గూర్చియు, బ్రాహ్మణ శ్రమణులను గూర్చియు మాత్రమే కలదు. యుద్ధభూమిలో ఒక భిక్షువు ఎదురై, ఒక్క ఘడియలో రాజును మార్చివేసెనను కథకు శాసనమున ఆధారము లేదు.

చలనచిత్రకర్తలకు శాసనములోని యీ చిక్కులు అక్కరలేదు. వారికి దృశ్యము కావలెను. 1992లో నందమూరి తారకరామారావుగారు స్వయముగ దర్శకత్వము వహించి నాయకపాత్ర ధరించిన 'సామ్రాట్ అశోక్' తెలుగున ఈ కథకు ప్రసిద్ధమైన రూపము. 2001లో సంతోష్ శివన్ దర్శకత్వమున వచ్చిన హిందీ చిత్రము 'అశోక'లో షారుఖ్ ఖాన్ చక్రవర్తిగను, కరీనా కపూర్ కళింగ రాజకుమారి కౌర్వకిగను నటించిరి. అలహాబాదు స్తంభముమీది రాణీశాసనమున తీవరుని తల్లియగు రాణి పేరుగా ఈ పేరు కలదు. ఆమె కళింగదేశపు పిల్లయని చెప్పు ఆధారమేదియు అందు లేదు. చిత్రకర్త ఆమెను కళింగమునకు చేర్చెను. ఆమెతోపాటు బాలరాజకుమారుడు ఆర్యుని కల్పించి, యుద్ధాంతమున ఆ బాలుని మరణమును చక్రవర్తి కన్నులయెదుట నిలిపెను.

ఈ కల్పనను చరిత్ర దోషమని త్రోసివేయుట సులభము. కాని దాని యవసరమును మేము గుర్తింపవలసి యున్నది. లక్షమంది చావు ఒక సంఖ్య. దానిని చూచి ప్రేక్షకుడు నివ్వెరపడును గాని ఏడ్వడు. ఒక బాలుడు చచ్చిన ఏడ్చును. కావున చిత్రకర్త సంఖ్యను ముఖముగ మార్చెను. అంతవరకు అది కావ్యధర్మమే. దోషము మఱియొకచోట నున్నది. ఆ ముఖము రాజునకు ప్రియమైనవారి ముఖము. తాను ప్రేమించిన స్త్రీ, తానెరిగిన బాలుడు కళింగమున లేకున్నచో చక్రవర్తి వగచెడివాడా యను సందేహమునకు చిత్రమున తావేర్పడినది. శాసనములోని దుఃఖము ఎరుగని వారిని గూర్చినది. తెరమీది దుఃఖము ఎరిగినవారిని గూర్చినది. మొదటిది ధర్మము, రెండవది స్నేహము.

మఱి మన తెలుగు చిత్రములలో పశ్చాత్తాపమునకు వేరు మార్గము లేదా? కలదు; అది రాజుల కథలలో గాక భక్తుల కథలలో కనబడును. 1947లో కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున చిత్తూరు నాగయ్యగారు నటించిన 'యోగి వేమన'లో భోగమునకు, బంగారమునకు లోనైన వేమన అన్నకూతురు జ్యోతి మరణముతో మేలుకొనును. ఇచ్చటను ప్రియమైనవారి మరణమే హేతువు. కాని ఫలితమున వేమన ఏ పదవియందును నిలువడు. ఇల్లు, వస్త్రము, వంశగౌరవము అన్నియు విడిచిపోవును. 1954లో పి. ఎస్. రామకృష్ణారావుగారి దర్శకత్వమున అక్కినేని నాగేశ్వరరావు, భానుమతి గార్లు నటించిన 'విప్రనారాయణ'కు మూలమైన కథను సారంగు తమ్మయ వైజయంతీవిలాసముగ పాడియుండెను. ఆ భక్తుడు భక్తుల పాదధూళినే తన పేరుగ ధరించెనని సంప్రదాయము చెప్పును. తప్పు చేసినవాడు తన స్థానమును మార్చుకొనవలెను, క్రిందికి దిగవలెను అను భావము ఈ రెండింటను కలదు.

1957లో కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వమున వచ్చిన 'పాండురంగ మహాత్మ్యము' ఇంకొక అడుగు ముందునకు వేసినది. తల్లిదండ్రులను అవమానించి ఇల్లు విడుచునట్లు చేసిన పుండరీకుడు, కుక్కుటమునిని తన్ని కాళ్లు పోగొట్టుకొనును. ప్రాకుచు తల్లిదండ్రులను వెదకికొనుచు పోవును. వారి పాదములంటిన పిదపగాని అతనికి ఉద్ధారము లేదు. తుదకు దేవుడే వాకిట నిలిచినను, తల్లిదండ్రుల సేవ ముగియువరకు వేచియుండుమని ఇటుకను చూపును. ఈ కథలోని ధర్మసూక్ష్మమేమనగా, దేవుని క్షమ పీడితుని క్షమకు బదులు కాజాలదు. దేవుడు వాకిట వేచియుండవలెను. లోపల తీర్పవలసిన ఋణము ముందు తీరవలెను. పదములలో చెప్పినచో ఇది నిష్కృతి. పుండరీకుడుగ నటించిన తారకరామారావుగారే ముప్పదియైదేండ్లకు అశోకుడుగ నటించుట యాదృచ్ఛికమైనను, ఈ రెండు పాత్రలను ప్రక్కప్రక్కన నిలిపి చూచుటకు మనకు వీలు కల్పించినది. పుండరీకుడు తాను బాధించినవారి యొద్దకు ప్రాకిపోయెను. అశోకుని శాసనము మాత్రము కళింగపు పొలిమేరవద్ద ఆగిపోయెను.

1978లో విజయచందర్‌గారు క్రీస్తుగ నటించిన 'కరుణామయుడు' మన గ్రామములలో సంచార ప్రదర్శనలద్వారా విస్తారముగ చూపబడినది. మారుమనస్సు అను మాట చదువురాని వారికిని దృశ్యరూపమున అర్థమగుటకు అట్టి ప్రదర్శనలు తోడ్పడినవి. భక్తికథ, క్రీస్తుకథ, బౌద్ధరాజకథ అను మూడు సంప్రదాయములును మన తెరమీద ఈ విధముగ నిలిచియున్నవి.

ఈ విషయమున రష్యా చలనచిత్రములు మనకు మిక్కిలి ఉపకరించును. అచ్చటి దర్శకులు రాజుయొక్క పశ్చాత్తాపమును, సామాన్యుని పశ్చాత్తాపమును వేరువేరుగ పరీక్షించిరి. సెర్గేయి ఐజెన్‌స్టీన్ 'ఇవాన్ ది టెరిబుల్' అను చిత్రమును మూడు భాగములుగ సంకల్పించెను. మొదటిది 1944లో పూర్తియై ప్రభుత్వ సమ్మానము పొందినది. రెండవది 1946లో పూర్తియై నిషేధింపబడి, దర్శకుడు 1948లో మరణించిన పిదప, 1958లో విడుదలయైనది. మూడవది పూర్తికానే లేదు. ఆ మూడవ భాగమునకై వ్రాసిన దృశ్యమొకటి కలదు. దేవుని తుదితీర్పును చిత్రించిన గోడక్రింద జారు చక్రవర్తి సాగిలపడియుండ, ఆయన చంపించినవారి పేర్లు ఒక్కొక్కటిగ చదువబడుచుండును. రాజు తన హత్యలకు రాజ్యహితమును కారణముగ చెప్పికొనజూచును. గోడమీది దేవుడు పలుకడు.

ఈ దృశ్యమునకు చరిత్రమున ఆధారము కలదు. నాలుగవ ఇవాన్ తన జీవితాంతమున, 1580ల తొలి సంవత్సరములలో, తాను చంపించినవారి పేర్ల పట్టికలను సిద్ధపరచి, వారి ఆత్మశాంతికై ప్రార్థింపుడని కానుకలతో మఠములకు పంపెను. వేలకొలది మృతులు వానిలో స్మరింపబడిరి. పేర్లు తెలియని చోట, వారి పేర్లు దేవునికే తెలియునను భావము వ్రాయబడినది. అశోకుడు సంఖ్య నిచ్చెను. ఇవాన్ పేర్ల నిచ్చెను. ఇవాన్ అశోకునికంటె ధర్మాత్ముడని ఇందుచే చెప్పజాలము. ఆయన పట్టిక భయమునుండి పుట్టినదనియు, పరలోక లెక్కలను సరిచూచుకొనుట మాత్రమే యనియు అనవచ్చును. అయినను పేరు చదువబడిన మృతునికి సంఖ్యలో కలిసిన మృతునికి లేని గౌరవమొకటి దక్కును. పావెల్ లుంగిన్ 2009లో నిర్మించిన 'జార్' చిత్రమున ఇదే రాజునకును, ఆశీర్వాదము నిరాకరించిన మహాధర్మగురువు ఫిలిప్పునకును జరిగిన సంఘర్షణము ప్రధానము. అచ్చట రాజు ప్రార్థించును, వగచును, మరల చంపించును. కన్నీరు పశ్చాత్తాపమునకు గుర్తు కానక్కరలేదని ఆ చిత్రము చూపుచున్నది.

సామాన్యుని పశ్చాత్తాపమునకు ఆంద్రేయి తార్కోవ్‌స్కీ 'ఆంద్రేయి రుబ్ల్యోవ్' ఉదాహరణము. 1966లో పూర్తియైన ఆ చిత్రము స్వదేశమున 1971లోగాని ప్రేక్షకులకు చూపబడలేదు. 1408 నాటి దండయాత్రలో, దేవాలయముననే, ఒక యువతిని కాపాడుటకై చిత్రకారుడగు సన్న్యాసి ఒకని చంపును. అది రక్షణార్థమైనను హత్యయే. ఆయన తనకు తానే శిక్ష విధించుకొనును: మాటాడడు, చిత్రము వ్రాయడు. సంవత్సరములు గడచును. 1423లో ఒక బాలుడు గంట పోతపోసి, అది మ్రోగిన పిదప బురదలోబడి ఏడ్చుచుండగా, ఆ బాలుని ఓదార్చుటకై రుబ్ల్యోవ్ మౌనమును విడుచును. పశ్చాత్తాపమునకు ముగింపు తన శాంతి గాదు, ఒకనికి ఉపయోగపడుట యని దీని తాత్పర్యము.

లుంగిన్ 2006లో తీసిన 'ద్వీపము' అను చిత్రమున, 1942లో జర్మనుల బెదిరింపునకు లోబడి తన నావాధిపతిని కాల్చిన ఒకడు, మఠమున బొగ్గు మోయుచు మూడు దశాబ్దములకు పైగ వగచును. జనులు ఆయనను మహాత్ముడందురు. ఆయన మాత్రము తన్ను క్షమింపబడినవానిగ ఎన్నడును తలపడు. తుదకు ఆ నావాధిపతియే బ్రదికివచ్చి, ఎప్పుడో క్షమించితినని చెప్పును. అప్పుడుగాని ఆయనకు చావు సుఖముగ రాదు. మఠమున చేసిన ప్రార్థనలన్నియు ఒకయెత్తు, బాధింపబడినవాని నోటిమాట యొకయెత్తు. ఇది మన పుండరీకుని కథకు ఎంతయో సమీపము. జార్జియా దర్శకుడు తెంగిజ్ అబులాద్జె 1984లో నిర్మింపగా 1987లో సోవియట్ దేశమంతట విడుదలయైన 'పశ్చాత్తాపము'లోనైతే తప్పు చేసిన అధికారి అప్పటికే చచ్చియున్నాడు. అతనిచే నాశనమైన కుటుంబపు ఆడుబిడ్డ ఆ శవమును మాటిమాటికి సమాధినుండి వెలికిదీయును. చచ్చినవాడు వగవలేడు, కావున ఆ భారము కొడుకుమీదను, మనుమనిమీదను పడును. మనుమడు దానిని భరింపలేక ప్రాణము తీసికొనును. ఒకతరము చెప్పని మాటను తరువాతితరము చెప్పవలసి వచ్చుట అందలి విషయము.

ఈ పరిశీలనమువలన పశ్చాత్తాపమునకు మూడు మెట్లు గలవని తేలుచున్నది. తన చేతను తాను చూచుట మొదటిది. బాధితునికి తెలియునట్లు చెప్పుట రెండవది. స్థానమును, నడవడిని మార్చుకొనుట మూడవది. అశోకచిత్రములు మొదటి మెట్టున ఆగిపోయినవి. ఖడ్గము నేలబడుటతో కథ ముగియును. శాసనములు మొదటి మెట్టును ఎర్రగుడిలోను, మూడవ మెట్టును జౌగఢలోను చూపుచున్నవి. రెండవ మెట్టు ఎచ్చటను లేదు. భక్తిచిత్రములును, పైన చెప్పిన రష్యా చిత్రములును ఆ రెండవ మెట్టునే కథకు జీవముగ గ్రహించినవి.

కళింగాంధ్రమున ఈ రెండవ మెట్టును పూరింపగల చిత్రము రాదగదా? వంశధారా తీరముననున్న శాలిహుండము బౌద్ధశిథిలములను 1919లో గిడుగు రామమూర్తిపంతులుగారు లోకమునకు తెలిపిరి. ఆ మెట్లెక్కి నిలిచి చూచిన నదియు, సముద్రమును కనబడును. గెలిచినవాని ధర్మమును ఓడిన దేశపు జనులు తమదిగ చేసికొని శతాబ్దములపాటు నిలుపుకొనిరని ఆ స్తూపములు చెప్పుచున్నవి. ఇది చక్రవర్తి కన్నీటికంటె తక్కువ కథ కాదు. చెరగొనిపోబడిన లక్షయేబదివేల మంది ఎచ్చటికి పోయిరి, వారి వెనుక మిగిలినవారు ఎట్లు బ్రదికిరి, తిష్యదినమున అధికారి శాసనము చదువగా ఒంటరిగ నిలిచి విన్నవాడు ఏమి తలచెను అనునవి కవి పూరింపదగిన ఖాళీలు. 2020లో కరుణకుమార్‌గారి దర్శకత్వమున వచ్చిన 'పలాస 1978' ఈ ప్రాంతపు జీవితమును, కులపీడనమును, ఇచ్చటి పలుకుబడితోనే తెరకెక్కింపవచ్చునని చూపినది. జముకులకథ, తప్పెటగుళ్లు వంటి కళారూపములు గల నేలకు తన గాయమును తాను చెప్పుకొను శక్తి లేదనరాదు.

మరుసటి వేసవిలో మేము మరల ఆ యింటికి పోయితిమి. పదమూడవ శాసనమునకు తెలుగు తాత్పర్యము వ్రాసికొనిపోయి ఆ పెద్దాయనకు చదివి వినిపించితిమి. కొబ్బరిచెట్ల క్రింద మంచముమీద కూర్చుండి శ్రద్ధగ వినిరి. నూరవవంతు, వేయవవంతు అను చోట ఆగి మరల చదువుమనిరి. చదివితిమి. పిదప, "లెక్క సెప్పినాడు బాబూ. మంచిదే. పేరొక్కటి గూడ సెప్పనేదు" అనిరి. ఇవాన్ పట్టికల సంగతి ఆయనకు తెలియదు. మేమును అప్పుడు చెప్పలేదు. కాని బాధింపబడిన నేలవాడు పశ్చాత్తాపమునుండి మొట్టమొదట ఏమి కోరునో ఆయన మాటవలన మాకు బోధపడినది. పదమూడవ శాసనమునకు సులభమైన తెలుగు అనువాదము శ్రీకాకుళము జిల్లాలోని పాఠశాలలలో చదువబడవలెనని మా విన్నపము. రెండువేల రెండువందల యేండ్లు ఆలస్యమైనను, ఆ మాట చేరవలసిన చోటికి చేరుట న్యాయము. ఇక పేర్ల సంగతి: అవి చరిత్రకు దొరకవు. వానిని కల్పించి, ఆ మనుష్యులను మన యెదుట నిలుపు పని కావ్యమునకును, చలనచిత్రమునకును మిగిలియున్నది.